వణుకుకు మాత్ర, చేతిలో పత్తాలు

మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో మా పెద్దనాయన పత్తా ముట్టని మనిషి. దసరాకు చెట్టు కింద ఆడేవాళ్లు పిలిచినా కాసేపు నిలబడి చూసి ఇంటికి వచ్చేసేవాడు. అరవై దాటాక కుడిచేయి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. హైదరాబాద్‌లో మందులు రాశారు. నడక బాగుపడింది, అన్నం తానే కలుపుకొని తిన్నాడు. ఇంట్లో అందరం సంతోషపడ్డాం.

ఏడాదిన్నర తర్వాత, 2016లో, ఆయన రాత్రంతా ఫోన్‌లో రమ్మీ ఆడుతున్నాడని తెలిసింది. అప్పటికే రెండు పంటల వడ్ల పైసలు పోయాయి, పెద్దమ్మ గొలుసు తాకట్టులో ఉంది. "ఈ వయసుల గీ మనిషికి ఇదేం బుద్ధి" అన్నారు ఊళ్లో. మేమూ అదే అన్నాం. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆయన వేసుకుంటున్న మాత్రల్లో ఒకటి ఇలాంటి పని చేయించగలదని డాక్టర్ల లోకానికి తెలిసి అప్పటికే పదేళ్లు దాటింది. మా ఇంటి దాకా ఆ ముచ్చట రాలేదు, అంతే.

ఈ కథ మన చెలకల గట్ల మీద పాకే ఒక తీగ నుంచి మొదలుపెట్టొచ్చు. దూలగొండి. కాయ మీది నూగు ఒంటికి తగిలితే దురదతో చచ్చిపోతాం. వాటి గింజల్లో లెవోడోపా అనే పదార్థం ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. అది దేనికి పనికొస్తుందో అప్పుడు తెలియదు. తెలియడానికి ఇంకో మన మొక్క కావాల్సి వచ్చింది, సర్పగంధ. దాన్ని రక్తపోటుకు వాడొచ్చని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రాసిన పత్రంతో ప్రపంచం దృష్టి అటు పడింది. దాన్నుంచి తీసిన రిజర్పిన్ అనే మందును స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. లెవోడోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. అది 1957. మెదడులో కదలికను నడిపించే డోపమైన్ సంగతి అలా బయటపడింది. ఆ పనికే కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

రిజర్పిన్ వేసుకున్నవాళ్లలో కొందరు పట్టలేని దిగులులోకి జారుతున్నారని 1950ల్లోనే డాక్టర్లు రాశారు. ఆ సంబంధం ఎంత గట్టిదన్న దానిపై తర్వాత చాలా వాదన జరిగింది. కానీ ఒంటికి వేసిన మందు మనసును కదిలించొచ్చన్న అనుమానం మాత్రం అప్పటి నుంచే ఉంది.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారు చేసే కణాలు చచ్చిపోతుంటాయి. 1960ల చివర్లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ అనే డాక్టర్ లెవోడోపాను నోటి ద్వారా, కొద్దికొద్దిగా డోసు పెంచుతూ ఇచ్చి, మంచానికి అతుక్కున్నవాళ్లను నడిపించాడు. మన దగ్గర సిండోపా అని అందరూ పిలిచే మాత్రలో ఉన్నది ఆ లెవోడోపానే, దానికి తోడుగా కార్బిడోపా ఉంటుంది. కొందరు రోగుల్లో లైంగిక కోరిక హద్దులు దాటుతోందని 1970ల మొదట్లోనే రిపోర్టులు వచ్చాయి. నడవలేనివాడు నడుస్తున్నాడన్న ఆనందంలో వాటిని పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాత ఇంకో రకం మందులు వచ్చాయి. లెవోడోపా లాగా ఇవి మెదడులో డోపమైన్‌గా మారవు, దాని చోట తామే కూర్చుని మెదడు కణాలను తట్టి లేపుతాయి. వీటిని డోపమైన్ అగోనిస్టులు అంటారు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ రెండూ 1997లో అమెరికాలో అనుమతి పొందాయి. కాళ్లు గుంజుతూ రాత్రిళ్లు నిద్రపట్టని జబ్బుకు కూడా ఇప్పుడు ఇవే రాస్తారు. పెద్దనాయన చీటీలో సిండోపా పక్కన ఉన్నది ప్రమిపెక్సోలే.

చిక్కు ఎక్కడంటే, డోపమైన్ పని ఒక్క కదలిక కాదు. గెలిచినప్పుడు వచ్చే ఊపు, "ఇంకొక్క ఆట" అనిపించే గుంజులాట కూడా దాని పనే. చేయిని కదిలించే దారి, ఆశను కదిలించే దారి మెదడులో వేరువేరు. ప్రమిపెక్సోల్ లాంటివి డీ3 అనే గ్రాహకాలను, అంటే కణాల మీద డోపమైన్ వచ్చి కూర్చునే చోట్లలో ఒక రకాన్ని, గట్టిగా పట్టుకుంటాయి, అవి ఎక్కువగా ఉండేది ఆశ దారిలో. పార్కిన్సన్స్ మొదట్లో ఆ దారి చాలావరకు బాగానే ఉంటుంది. బాగున్నదానికి కూడా మందు పడుతుంది. ఓడిపోయినప్పుడు "ఇక చాలు" అనాల్సిన మనసు ఆ మాట అనలేకపోతుంది.

దీన్ని కనిపెట్టడం మెల్లగా జరిగింది. 2000లో స్పెయిన్ డాక్టర్లు పార్కిన్సన్స్ ఉన్న జూదరుల గురించి రాస్తూ ఇది మందు పనేమోనని అడిగారు. 2003లో అమెరికాలోని ఫీనిక్స్ డాక్టర్లు ఒక ఏడాదిలో తాము చూసిన 1,884 మందిలో 9 మందికి జూదం వ్యసనమైందని చెప్పారు. వాళ్లలో 8 మంది ప్రమిపెక్సోల్ మీద ఉన్నారు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రి ఇలాంటి 11 మంది గురించి రాసింది. మందు తగ్గించాకో ఆపాకో ఏమైందో తెలిసినవాళ్లలో ఆ పిచ్చి పోయింది. 2010లో వచ్చిన డొమినియన్ అధ్యయనంతో లెక్క తేలింది. అమెరికా, కెనడాల్లో 3,090 మందిని అడిగితే 13.6 శాతం మందిలో జూదం, విపరీతంగా కొనడం, తిండి, లైంగిక కోరిక, వీటిలో కనీసం ఒకటి అదుపు తప్పింది. అగోనిస్టు వాడేవాళ్లలో అది 17.1 శాతం, వాడనివాళ్లలో 6.9 శాతం. అంటే వాడే ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు.

2003లో 1,884 మందిలో తొమ్మిది మందే కనిపించిన చోట, ఏడేళ్ల తర్వాత ఆరుగురిలో ఒకరు ఎలా అయ్యారు? రోగులు హఠాత్తుగా పెరగలేదు. ఈసారి కూర్చోబెట్టి అడిగారు. వాంతి అయితే ఎవరైనా చెప్తారు, ఒంటి మీద దద్దు లేస్తే చూపిస్తారు. జూదంలో పైసలు పోగొట్టుకున్నానని, ఇంకా సిగ్గుపడే సంగతులున్నాయని భార్య ముందు, కొడుకు ముందు డాక్టర్‌తో ఎవరు చెప్తారు? రోగి తనకు తాను కూడా అది జబ్బు సంగతి అనుకోడు, తన బుద్ధి చెడిందనే అనుకుంటాడు. ఫ్రాన్స్‌లో రోపినిరోల్ వాడిన ఒకాయన జూదంలో మునిగి కోర్టుకెక్కాడు. 2012లో రెన్ అప్పీల్ కోర్టు మందు కంపెనీ ఆయనకు దాదాపు రెండు లక్షల యూరోలు ఇవ్వాలంది. తప్పు మనిషిది కాదని ఒక కోర్టు చెప్పడం నాకు డబ్బు కంటే పెద్ద విషయంగా అనిపిస్తుంది.

మానసిక జబ్బులకు వాడే అరిపిప్రజోల్ మీద కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 మేలో ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. 2002లో అనుమతి వచ్చినప్పటి నుంచి చేరిన 184 రిపోర్టుల్లో 164 జూదం గురించే.

మన జిల్లాల్లో ఇంకో తిప్పలుంది. హైదరాబాద్ పోయి చూపించుకోవడం ఏడాదికి ఒకసారి. మిగతా నెలలన్నీ పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపులో అవే మాత్రలు తెచ్చుకుంటాం. మధ్యలో మనిషి ఎలా మారాడో చూసే డాక్టర్ ఉండడు. చూసేది ఇంట్లోవాళ్లే, వాళ్లకేమో ఏది చూడాలో తెలియదు.

పెద్దనాయనను రెండోసారి చూసిన ఒక డాక్టరమ్మ ఆయనను వదిలి పెద్దమ్మను అడిగింది, "ఖర్చులేమైనా పెరిగాయా అమ్మా?" పెద్దమ్మ అక్కడే ఏడ్చింది. డాక్టరమ్మ మందు ఒక్కసారిగా ఆపలేదు. అలా ఆపితే ఆందోళన, చెమటలు, దిగులు, విపరీతమైన టెన్షన్ పట్టుకోవచ్చు. దాన్ని కూడా 2010లోనే ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించారు. వారాల తరబడి డోసు తగ్గిస్తూ, సిండోపా సర్దుతూ వచ్చింది. ఇలాంటి అనుమానం వచ్చిన ఇంట్లో ఎవరూ మాత్రలు దాచిపెట్టొద్దు, డాక్టర్‌తో మాట్లాడాలి. మన దేశంలో మందుల సైడ్ ఎఫెక్టులను నమోదు చేయడానికి 2010 నుంచి నడుస్తున్న ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి రోగులే సైడ్ ఎఫెక్ట్ చెప్పొచ్చు.

మూడు నెలలకు పెద్దనాయన ఫోన్ పక్కన పెట్టాడు. మరుసటి ఏడాది 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆ వార్త పేపర్లో చదివి ఆయన ఏమీ అనలేదు. ఆయన నడక ఇప్పుడు కాస్త నెమ్మది, పోయిన పైసలు తిరిగి రాలేదు. పెద్దమ్మ మాత్రం చుట్టుపక్కల ఎవరికైనా వణుకు మందు రాశారని తెలిస్తే వాళ్లింటికి పోయి, "కొత్త అలవాటేమన్న అయితుందేమో జర చూసుకోరి, అయితే మనిషిని తిట్టకురి" అని చెప్పి వస్తుంది.