కాటా చీటీ చెప్పని సంగతి

తాడిపత్రి నుంచి నాపరాళ్లు, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు. ఈ దారుల్లో లారీని ఆపిన అధికారి ముందు అడిగేది బరువు గురించే. సరుకు ఎలా కట్టారన్నది తర్వాతి మాట. మన చట్టం మొదటి నుంచీ పట్టించుకున్నది ఎక్కువగా బరువునే.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్‌సీలో రాసిన బరువు మించకూడదు, అనుమానం వస్తే బండిని కాటాకు పంపొచ్చు. అయితే చాలాకాలం జరిమానా 2,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో వెయ్యి. ఎక్కువ లోడుకు వచ్చే కిరాయి ముందు అదో లెక్కా? విడ్డూరమేమిటంటే, కొన్ని రాష్ట్రాలు డబ్బు కట్టించుకుని ఓవర్‌లోడుకు కార్డులే ఇచ్చాయి. 2005 నవంబరులో సుప్రీంకోర్టు అది చెల్లదంది.

2018 జులైలో కేంద్రం పరిమితినే పెంచింది. పది టైర్ల లారీకి బండీ సరుకూ కలిపి 25 టన్నులున్నది 28.5 అయింది. 2019 సెప్టెంబరు 1 నుంచి జరిమానా 20,000, అదనపు టన్నుకు 2,000. కాటాకు రానంటే 40,000. ఎక్కువైన సరుకు దింపేదాకా బండి కదలకూడదు.

మొత్తం బరువు సరిపోయినా పని అయిపోదు. రాళ్లన్నీ వెనక్కి పేరిస్తే వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద బరువు దాని హద్దు దాటుతుంది, ముందు చక్రాలకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. బండి మొత్తాన్ని ఒకేసారి తూచే కాటాలో ఇది తెలియదు. యాక్సిల్ మీద బరువు 20 శాతం పెరిగితే రోడ్డుకు నష్టం దాదాపు రెట్టింపవుతుందని 1950ల చివర అమెరికాలో జరిగిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు లెక్కగట్టారు.

ఇక కట్టు సంగతి. ఇనుప రాడ్లు వెనక మీటరు దాకా బయటికి ఉండొచ్చన్న వెసులుబాటును 2014లో తీసేశారు. ఇప్పుడు లోడు హద్దు దాటి పొడుచుకొస్తే విడిగా 20,000 జరిమానా ఉంది. లోపల జారే సరుకు మాటేమిటి? యూరప్ ప్రమాణం ప్రకారం సరుకు బరువులో 80 శాతానికి సమానమైన తోపు ముందుకు వచ్చినా, 50 శాతం పక్కలకు వచ్చినా లోడు కదలకూడదు. 20 టన్నుల బండలంటే సడన్ బ్రేకుకు 16 టన్నుల తోపు క్యాబిన్ వైపే. రాపిడి కొంత ఆపుతుంది, మిగతాది చైన్లూ ముందు గోడా ఆపాలి.

కాబట్టి చూడాల్సినవి వేరే. వరస ముందు గోడకు ఆనిందా, సందుల్లో కట్టెలు బిగించారా, రాయి అంచుకు చైను కోసుకుపోతోందా. పట్టా కప్పేశాక రోడ్డు మీద టార్చి వేసి ఇవన్నీ తేల్చడం అయ్యే పని కాదు. లోడు ఎత్తే చోటే చూడాలి. ఓవర్‌లోడు జరిమానా బండి నడిపినవారికే కాదు, నడిపించినవారికీ వర్తిస్తుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కట్టు చూసే మనిషిని పెట్టమని అడగడానికి ఆ మాట చాలు.