బంగారం కరిగేది ఎన్ని డిగ్రీల దగ్గర?

1940ల నాటి భౌతికశాస్త్ర పుస్తకం తెరిస్తే బంగారం 1063 డిగ్రీల దగ్గర కరుగుతుందని ఉంటుంది. 1970ల పుస్తకంలో 1064.43 డిగ్రీలు. ఇప్పటి పట్టికల్లో 1064.18. ఏ కాలానికి ఆ విలువ సరైనదే. ఇన్నేళ్లలో బంగారం ఏమీ మారలేదు. మారింది ఉష్ణోగ్రతను కొలిచే అంతర్జాతీయ స్కేలు. 1927లో ఆ స్కేలును కుదిర్చినప్పుడు బంగారం కరిగే స్థానాన్నే ఒక ప్రమాణ బిందువుగా తీసుకుని, దాన్ని 1063గా నిర్ణయించారు. వాయు ఉష్ణమాపకాలూ, వేడెక్కిన వస్తువు నుంచి వెలువడే కాంతిని కొలిచే పరికరాలూ మెరుగుపడే కొద్దీ ఆ బిందువు కాస్త పైన ఉండాలని తేలింది. 1968లో సవరించారు, 1990లో మళ్లీ సవరించారు. వెండి విలువ కూడా అలాగే 961.93 నుంచి 961.78కి దిగింది.

ఇప్పుడు ఎవరైనా వెండి విలువను 1968 స్కేలు నుంచి, బంగారం విలువను 1990 స్కేలు నుంచి తెచ్చి ఒకే పట్టికలో పెట్టారనుకుందాం. రెండూ నమ్మదగిన ప్రయోగాల నుంచి వచ్చినవే. అయినా వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మూలకాల ధర్మాల కోసం వెతికేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. విలువ నమ్మదగినది కావడం ఒకటి, పట్టికలోని విలువలన్నీ ఒకే ప్రాతిపదిక మీద ఉండడం మరొకటి. మనకు రెండూ కావాలి.

అసలు ‘కార్బన్ సాంద్రత’ అనే మాటే అసంపూర్ణం. వజ్రానిదా, గ్రాఫైట్‌దా? తెల్ల తగరం సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.3 గ్రాములకు దగ్గరగా ఉంటే, చలిలో ఏర్పడే బూడిదరంగు తగరానిది 5.8 గ్రాములే. భాస్వరానికి తెలుపు, ఎరుపు, నలుపు రూపాలున్నాయి. రూపం పేరు చెప్పకుండా భాస్వరానికి ఒకే సంఖ్య ఇచ్చే పట్టిక సగం సమాచారాన్ని దాచేసినట్టే.

కార్బన్‌దే మరో చిక్కు. చాలా పట్టికల్లో దాని ద్రవీభవన స్థానం 3550 డిగ్రీలు, మరిగే స్థానం 4827 డిగ్రీలు అని కనిపిస్తుంది. అంటే ఈ రెండింటి మధ్య పన్నెండు వందల డిగ్రీలకు పైగా కార్బన్ ద్రవంగా ఉంటుందన్నమాట! మామూలు వాతావరణ పీడనంలో కార్బన్ ద్రవంగా మారనే మారదు. 3600 డిగ్రీలు దాటాక ఘనరూపం నుంచి నేరుగా ఆవిరవుతుంది. ద్రవ కార్బన్ కావాలంటే వాతావరణ పీడనానికి సుమారు వంద రెట్లు ఉండాలి. పాత విలువలను పీడనం ప్రస్తావన లేకుండా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకోవడం వల్ల ఆ సంఖ్యలు నేటికీ బతికున్నాయి. కొన్నిచోట్ల 3550ని కెల్విన్‌లోకి మార్చి 3823.15 అని కూడా రాస్తారు. పదుల డిగ్రీల్లోనే సందేహం ఉన్న విలువకు డిగ్రీలో నూరో వంతు దాకా కచ్చితత్వం అంటగట్టడం ఇది. పట్టిక నాణ్యతను అంచనా కట్టడానికి నేను మొదట చూసేది ఇలాంటి దశాంశాలనే.

పది చోట్ల ఒకే సంఖ్య కనిపించినంత మాత్రాన పది సాక్ష్యాలున్నట్టు కాదు. పదిమందీ ఒకే మూలం నుంచి తీసుకుని ఉండవచ్చు.

అన్నిటికంటే సాంద్రమైన మూలకం ఏది అన్న ప్రశ్నకు చాలాకాలం రెండు జవాబులు తిరిగాయి. ఒక ఇరిడియం ముద్దను తూచి కట్టిన లెక్కలో దాని సాంద్రత 22.42 వచ్చింది. లోహంలో కంటికి కనిపించని ఖాళీలు, మలినాలు ఉంటే తూకంలో వచ్చే సాంద్రత తగ్గిపోతుంది. ఎక్స్ కిరణాలతో స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరాలను కొలిచి లెక్కగడితే ఆ ఇబ్బంది ఉండదు. అలా కట్టిన ఒక పాత లెక్కలో ఇరిడియం 22.65తో ముందుంది, ఆస్మియం 22.61తో వెనకబడింది. తర్వాత స్ఫటిక కొలతలన్నిటినీ ఒకచోట చేర్చి, ఒకే పద్ధతిలో తిరిగి లెక్కించారు. ఆస్మియం 22.59, ఇరిడియం 22.56 అని తేలింది. తేడా వెయ్యిలో ఒక వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. రెండు మూలకాలకూ విలువలను రెండు వేర్వేరు పుస్తకాల నుంచి తీసుకునేవారికి ఈ వరస తలకిందులైపోవచ్చు.

బ్రోమిన్ ఆవిరి కావడానికి ఎంత శక్తి కావాలి? ఒక పట్టికలో మోల్‌కు 30.91 కిలోజౌళ్లు, మరోదానిలో 29.96, ఇంకోదానిలో సుమారు 15. మొదటిది 25 డిగ్రీల దగ్గరి విలువ, రెండోది బ్రోమిన్ మరిగే 59 డిగ్రీల దగ్గరిది. రెండూ రెండేసి పరమాణువులున్న బ్రోమిన్ అణువుల మోల్‌కు ఇచ్చినవి. మూడోది పరమాణువుల మోల్‌కు లెక్కించింది కాబట్టి సగమైంది. ఈ మూడింటిలో దేన్నీ తప్పనలేం. వివరణ లేకుండా సంఖ్యను మాత్రమే అచ్చువేయడం తప్పు.

మరి ఎక్కడ చూడాలి? పరమాణు భారాలకు రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ పట్టికను మించింది లేదు. అక్కడ లిథియానికి ఒక సంఖ్య బదులు 6.938 నుంచి 6.997 దాకా ఒక అవధి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. లిథియంలోని తేలికైన ఐసోటోపును అణు అవసరాలకు వేరుచేసి, మిగిలినదాన్ని మార్కెట్లోకి వదలడం వల్ల సీసా సీసాకూ భారం మారుతుంది. ఆవిరి కావడానికి కావలసిన శక్తి వంటి ఉష్ణగతిక విలువలకు, శాస్త్ర సమాచారాన్ని సరిచూసే అంతర్జాతీయ కమిటీ కోడాటా 1989లో వెలువరించిన కీలక విలువలు మంచి ఆధారం. వాటిని ఒకదానితో ఒకటి పొసిగేలా సరిచూశారు, ప్రతి సంఖ్య పక్కనా అనిశ్చితిని రాశారు. బ్రోమిన్ ఆవిరికి అక్కడ కనిపించేది 30.91 ఒక్కటే కాదు, దాని వెంట ప్లస్ ఆర్ మైనస్ 0.11 కూడా ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెబ్‌బుక్‌లో అయితే చాలా విలువలకు ఎవరు, ఏ పద్ధతిలో కొలిచారో కనిపిస్తుంది.

కొత్త పట్టిక ఏది చేతికొచ్చినా నేను ముందు ఆస్టటీన్ దగ్గరికి వెళతాను. దాని ఐసోటోపుల్లో ఎక్కువకాలం నిలిచేదానికి కూడా అర్ధాయువు సుమారు 8 గంటలే. కంటికి కనిపించేంత ఆస్టటీన్‌ను ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు, చేసినా తన రేడియోధార్మికత వేడికే ఆవిరైపోతుంది. అయినా పట్టికల్లో ద్రవీభవన స్థానం 302 డిగ్రీలు అని ఉంటుంది. అయోడిన్ వంటి పొరుగు మూలకాల తీరును బట్టి వేసిన అంచనా అది. ఆ సంఖ్య పక్కన అంచనా అని రాసి ఉంటే మిగతా పట్టికను ధైర్యంగా వాడతాను. రాయకపోతే అందులోని ప్రతి సంఖ్యనూ మరోచోట సరిచూసుకుంటాను.