తిరిగే అట్ట మీద రంగులు ఎందుకు బురదగా మారతాయి?

తిరుపతిలోని ఒక పాఠశాలలో పిల్లలు మోటారుకు గుండ్రటి అట్టను బిగించి, అది తిరుగుతుండగా రంగులు పోసి చిత్రాలు చేశారట. పసుపు, ఎరుపు, నీలం మాత్రమే పోసిన అట్టలు కళకళలాడాయనీ, ఏడు రంగులు పోసినవి బురదలా తయారయ్యాయనీ, ఇందుకు కారణమేమిటనీ అక్కడి ఉపాధ్యాయిని ఒకరు అడిగారు.

ముందుగా అట్ట మీద పరుచుకునే రంగు పొర మందం సంగతి చూడాలి. నిమిషానికి 300 సార్లు తిరిగే అట్ట మీద, కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రంగును బయటికి నెట్టే అపకేంద్ర బలం దాని బరువుకు సుమారు పది రెట్లు. దీనిని మిథ్యాబలమని, అంటే నిజంగా లేని బలమని చెప్పి పాఠం ముగించడం నాకు నచ్చదు. అట్టతో పాటు తిరుగుతూ లెక్క వేసేవారికి అది లేకుండా లెక్క తేలదు. ఈ బలం దూరాన్ని బట్టి పెరుగుతుంది కనుక అంచు దగ్గర పొర ఎక్కువ పలచబడాలని తోస్తుంది. అయితే సమతలంగా ఉన్న పొర అన్ని చోట్లా సమానంగానే పలచబడుతుందని 1958లో ఎమ్స్లీ, బానర్, పెక్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. అట్ట మీద కేంద్రం చుట్టూ ఒక వృత్తాన్ని ఊహించుకోండి. దానిని దాటిపోయే రంగు వేగమూ, ఆ వృత్తపు చుట్టుకొలతా రెండూ వ్యాసార్ధాన్ని బట్టి పెరుగుతాయి కనుక, బయటికి పోయే మొత్తం రంగు వ్యాసార్ధ వర్గాన్ని అనుసరిస్తుంది. వృత్త వైశాల్యమూ వ్యాసార్ధ వర్గాన్నే అనుసరిస్తుంది. అందువల్ల ప్రతి చదరపు సెంటీమీటరూ కోల్పోయేది ఒకే మోతాదు. నీటికన్నా వెయ్యి రెట్లు చిక్కనైన రంగును ఒక మిల్లీమీటరు మందాన పోస్తే, సుమారు 2 సెకన్లలో సగమూ, 10 సెకన్లలో పావూ, 40 సెకన్లకు ఎనిమిదో వంతూ మిగులుతుంది. పారే రంగు మోతాదు మందపు ఘనాన్ని అనుసరించడమే ఈ నెమ్మదికి కారణం. వ్యాపించే రంగు అంచున కాస్త ఉబ్బిన చోటు మిగతా వాటికన్నా ముందుకు దూకి వేళ్ళలా సాగడానికీ అదే మూలం.

ఇంత పలచటి పొరలో కింది రంగు పైకి కనిపిస్తుంది. ప్రతి వర్ణకమూ, అంటే రంగునిచ్చే పదార్థమూ, కాంతిలో కొంత భాగాన్ని మింగుతుంది; రెండు పొరలు కలిసినా ఒక స్పష్టమైన రంగు మిగులుతుంది, మూడు కలిస్తే దాదాపు ఏమీ మిగలదు. మూడు రంగులతో ఏర్పడే జంటలు మూడు, త్రయం ఒక్కటే. ఏడు రంగులతో జంటలు 21, త్రయాలు 35; అంటే బురదగా మారే కలయికలే ఎక్కువ. శ్రీకాళహస్తి కలంకారీలో నీలిమందు నీలమూ పసుపూ ఒకదాని మీద ఒకటి పడితే ఆకుపచ్చ వస్తుంది. అక్కడి కళాకారులు కొద్ది రంగులతోనే పని సాగించడంలో ఈ పొదుపు కనిపిస్తుంది.

అట్ట మీద రంగు చారలు వంగడానికి భూభ్రమణం కారణమని కొందరు నమ్ముతారు. భూమి రోజుకు ఒకసారి తిరిగే లోపల ఈ అట్ట 4,32,000 సార్లు తిరుగుతుంది. కనుక దీని ముందు భూభ్రమణ ప్రభావం లెక్కకు రానంత చిన్నది.

రంగు బయటికే పారుతుంది గాని లోపలికి రాదు. కాబట్టి పసుపు, నీలం కేంద్రంలో పోసి, అవి పలచబడిన తరువాత ఎరుపును సగం దూరం నుండి మాత్రమే పోస్తే, మూడు రంగులు కలిసే ప్రమాదం బయటి భాగానికే పరిమితమవుతుంది.