సీతాఫలం ఎందుకు తింటలేవు తాతా అని అడిగినవ్ గదా

చిట్టికి, చిన్నోనికి, తాత రాస్తున్న.

మీరు హైదరాబాద్ పోయినంక ఇల్లంత బోసిపోయింది, మీ అమ్మమ్మ ఇంక తంగేడు పూల రేకులు ఊడుస్తనే ఉన్నది. మొన్న సద్దుల బతుకమ్మ నాడు మీ అమ్మ బాలానగర్ కాడ రోడ్డు మీద కొన్న సీతాఫలాల బుట్ట దించంగనే చిన్నోడు ఒకటి నా చేతుల పెట్టి తిను తాతా అన్నడు, నేను వద్దు బిడ్డా షుగర్ అన్న. అప్పుడు వాడు అడిగిండు సూడు, నీ రక్తం తియ్యగుంటదా తాతా, దోమ కుడితే దానికి జ్యూస్ తాగినట్టుంటదా అని. అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన గని రాత్రి పండుకున్నంక అదే మాట మనసుల తిరిగింది. ఫోన్ల చెప్తే మీరు రెండు నిమిషాలకే కార్టూన్ పెట్టుకుంటరు, అందుకే రాస్తున్న, మీ అమ్మతోని చదివించుకోండి.

ముందు దోమ సంగతి. పెద్ద మనిషికి ఒంట్ల దగ్గర దగ్గర 5 లీటర్ల రక్తం ఉంటది. అంత రక్తంల మంచిగున్నోనికి సక్కెర ఎంత ఉంటదనుకున్నరు? ఒక్క టీ స్పూన్, 5 గ్రాములు, అంతే. నాకు బాగ పెరిగిన రోజులల్ల మూడు స్పూన్లు ఉండొచ్చు. బిందె నిండ నీళ్లల్ల మూడు స్పూన్ల సక్కెర కలిపి తాగి చూడు, తెలుస్తదా తీపి? దోమకు గూడ తెల్వదు. ఆ ఒక్క స్పూన్ మూడు స్పూన్లు అయితేనే మనిషి ఇంత ఆగమైతడంటే నాకు ఇప్పటికీ వింతనే.

మరి ఎందుకు పెరుగుతది అంటవా, మన ఊరి చెరువు తోని చెప్త. నా చిన్నప్పుడు చెరువుకు ఒక నీరటి తాత ఉండె. నీరటి అంటే తూము తీసి ఎవరి మడికి ఎన్ని నీళ్లు పోవాల్నో చూసుకునేటోడు. భుజం మీద పార, చేతిల కందిలి, అర్ధరాత్రి గూడ ఒరాల మీద తిరుగుతుండె, కోతలైనంక కల్లం కాడ రైతులు ఆయనకు ఇన్ని వడ్లు కొలిచి పెడుతుండిరి. ఆయన మాట అంటే మాటే, పటేల్ మడికి గూడ వంతు వచ్చినంకనే నీళ్లు. ఒకసారి మా నాయిన మాట విని నేను రాత్రి పూట మా మడవ, అంటే కాలువ నుంచి మడిలకు నీళ్లు పోయే సందు, తెరుద్దామని పోయిన, చీకట్ల నుంచి చెయ్యి వచ్చి చెవి పట్టుకున్నది. ఇప్పటికీ ఎడమ చెవి జర పెద్దగ కనిపిస్తదని మీ అమ్మమ్మ అంటది, అబద్ధం అనుకోండి.

సరే. మనం తిన్న అన్నం, రొట్టె, పండు అన్నీ కడుపుల అరిగి సక్కెర అయితయి, రక్తంల కలుస్తయి. రక్తం అంటే పంట కాలువ అనుకో. చేతులు కాళ్ల కండలు ఉన్నయి సూడు, అవి మడులు. కాలువ నిండ నీళ్లు పారితే సరిపోదు, మడవ తెరిస్తేనే మడిల పడతయి. ఆ మడవ తెరిచే నీరటి పేరు ఇన్సులిన్. కడుపు వెనుక క్లోమం అని ఒకటుంటది, అది పంపుతది ఈ నీరటిని. నాకేమైందంటే మడవలల్ల పూడిక పడ్డది. కొవ్వు పూడిక. నీరటి పార పట్టుకొని వస్తడు, తవ్వుతడు, దారి రాదు. ఇంకో నీరటిని పంపుతది క్లోమం, ఇంకొకణ్ని పంపుతది, ఏండ్లకేండ్లు పంపి పంపి అది గూడ అలిసిపోతది. అప్పుడు కాలువల నీళ్లు ఎక్కువై మడి మాత్రం ఎండుతది. అందుకే షుగర్ ఉన్నోడు కడుపునిండ తిన్నంక గూడ నీరసం అంటడు, నటన గాదు అది.

నీళ్లు ఎక్కువైతే అలుగు దుంకుతది గదా. ఒంట్ల అలుగు అంటే కిడ్నీలు, రక్తంల షుగర్ దగ్గర దగ్గర 180 దాటితే మూత్రంల పడుడు మొదలైతది. (అలుగు చెరువుకు ఉంటది గని కాలువకు ఉండదు తాతా అని చిట్టి అంటది ఇప్పుడు. నిజమే. నా లెక్క జర తప్పింది, సదురుకోండి.) మా తాత పశువుల కొట్టం వెనుక మూత్రం పోసిన కాడ పొద్దుగాల చీమలు బారు కట్టి ఉండేటివి. నేను కూసోని పుల్లతోని వాటి తొవ్వకు అడ్డం పెడుతుండె, మళ్ల సుట్టు తిరిగి అక్కడికే వస్తుండె. ఎందుకు వస్తున్నయో ఇంట్ల ఒక్కరికి తెల్వలే. మన పాత వైద్యులు మాత్రం ఈ బిమారికి మధుమేహం అని పేరు పెట్టిండ్రు, మధువు అంటే తేనె. చీమలకు తెలిసింది మాకు తెల్వలే, మా తాత కాలు పుండు మానక మానక అట్లనే పోయిండు.

నాకు 2011 ల తెలిసింది. అప్పుడు మహబూబ్‌నగర్ హైదరాబాద్ బస్సుల కండక్టర్ని. వంద కిలోమీటర్ల తొవ్వల జడ్చర్ల కాడ ఒకసారి, షాద్‌నగర్ కాడ ఒకసారి దిగి ఉరుకుడే, డ్రైవర్ తమాషా చేస్తుండె. రాత్రి నాలుగుసార్లు లేసుడు, చెంబెడు నీళ్లు తాగుడు. పరీక్ష చేస్తే పరగడుపున 212 వచ్చింది. 100 లోపు ఉండాలె, 126 అయినా దాటినా షుగర్ అన్నట్టు. మూడు నెలల సగటు అని ఇంకో పరీక్ష ఉంటది, హెచ్‌బీఏ1సీ అంటరు, 6.5 శాతం కాడ్నుంచి షుగర్ లెక్కనే, నాకు 9.4 ఉండె. మూడు నెలలే ఎందుకు అంటే మన ఎర్ర రక్తకణం 120 రోజుల కాడికి బతుకుతది, బతికినన్ని రోజులు సక్కెర అంటుకుంటనే ఉంటది. పరీక్షకు ముందు రెండు రోజులు ఉపాసం ఉండి డాక్టర్‌ను మోసం చేద్దామంటే ఈ లెక్కల దొరికిపోతవ్. నేను దొరికిపోయిన.

డాక్టర్ మెట్‌ఫార్మిన్ అని గోలి రాసిండు. మీరు యాట కార్జం తిన్నరు గదా, మనకు గూడ కార్జం ఉంటది, లివర్ అంటరు. రాత్రి మనం తినకున్నా అది దాచిపెట్టిన సక్కెర రక్తంలకు వదులుతది, షుగర్ ఉన్నోనికి వద్దన్నా వదులుతనే ఉంటది. అందుకే పొద్దుగాల ఏం తినకముందే ఎక్కువ చూపిస్తది. ఈ గోలి కార్జానికి చెప్తది, ఇగ చాలు ఆపు అని. అంటే కార్జం చెరువు, గోలి తూము బిగించేది. చూసినవా, చెరువు దొరికింది.

గోలి వేసుకున్న రెండేండ్లు. ఒంట్ల మంచిగ అనిపించింది, ఇగ తగ్గింది అనుకున్న. అప్పుడే ఒకాయన బస్సుల కలిసి ఆకుల పొడి ఇచ్చిండు, ఇంగ్లీష్ గోలీలు కిడ్నీలు పాడు చేస్తయి ఇది 40 రోజులు తాగు జన్మల రాదు అన్నడు. టికెట్లకు చిల్లర లెక్కపెట్టి ఇచ్చేటోణ్ని, ఈ ముచ్చటకు మాత్రం లెక్క చూసుకోలే. గోలి బంద్ పెట్టిన. 2014 ల ఒకనాడు మాపటికి ఇంటికి వచ్చి చెప్పులు విడిచి లోపలికి నడిచిన, మీ అమ్మమ్మ బండల మీద చూసి ఇదేంది కుంకుమ పడ్డదా అన్నది. కుంకుమ గాదు. అడుగడుగుకు ఒక ఎర్రచుక్క, గడప కాడ్నుంచి మంచం దాక. చెప్పుల నుంచి మొల దిగబడి ఉన్నది అరికాలుల, రూపాయి బిళ్ల అంత తడి, నాకు ఇంత గూడ నొప్పి తెల్వలే. నొప్పి తెల్వకపోవుడే బిమారి అని అప్పుడు తెలిసింది. షుగర్ కాళ్ల నరాలను తినేసింది. ఆ పుండు మానెతందుకు మూడు నెలలు పట్టింది, రోజు మా తాత యాదికొచ్చిండు. డాక్టర్ తిట్టలే, ఒకటే మాట చెప్పిండు, నీ గోలి పుట్టుక గూడ ఆకే, యూరప్‌ల గలేగా అనే మొక్క నుంచి వచ్చిన ఆలోచన, కాకుంటే దాన్ని కొలిచి, పరీక్షించి గోలి చేసిండ్రు అని. 1957 ల ఫ్రాన్స్‌ల మనుషులకు ఇచ్చుడు మొదలైందంట, నేను పుట్టిన సంవత్సరమే. అంటే నేను, నా గోలి ఒక ఈడోళ్లం.

2015 ల రిటైర్ అయిన. అదే ఏడు మిషన్ కాకతీయ అని మన చెరువుల పూడిక తీసుడు మొదలైంది. నేను 86 కిలోలు ఉన్న అప్పుడు. పొద్దుగాల కట్ట మీద నడుస్తుంటే కింద జేసీబీ నల్లమట్టి ఎత్తి ట్రాక్టర్లల్ల పోస్తుండె, నేను చూసుకుంట నడిచేది, నా పొట్ట చూసుకునేది. ఇద్దరం పూడిక తీస్తున్నం అనుకున్న. 13 కిలోలు తగ్గెతందుకు ఏడాదిన్నర పట్టింది, మొదటి నాలుగు జల్ది పోయినయి, మిగిలినవి ప్రాణం తీసినయి. మీ అమ్మ ఫోన్ల చదివి వినిపించింది, బ్రిటన్‌ల 2017 ల ఒక పరీక్ష లెక్కలు వచ్చినయంట, షుగర్ వచ్చి ఆరేండ్లు దాటనోళ్లకు తిండి తగ్గించి బరువు దించితే ఏడాదికి వందల 46 మందికి గోలి లేకుండనే షుగర్ కిందికి వచ్చింది, 15 కిలోలు అంతకంటె ఎక్కువ తగ్గినోళ్లల్ల అయితే 86 మందికి. అది గూడ డాక్టర్ చూసుకుంట చేసింది, నా లెక్క బస్సుల విన్న మాటకు బంద్ పెట్టింది గాదు. నాకు లేటయింది, గోలి పూర్తిగ పోలే గని ఒకటి తగ్గింది, సగటు 6.6 కాడ నిలబడ్డది.

తిండి గురించి చిట్టి అడిగింది, రొట్టె తింటే షుగర్ రాదంట గదా అని. వస్తది బిడ్డా. మా చిన్నప్పుడు జొన్నరొట్టె, గట్కనే, తెల్లన్నం అంటే పండగనాడు. 1983 ల రామారావు గవర్నమెంట్ 2 రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినంక మాపటికి గూడ అన్నం వండుడు మొదలైంది, మా అమ్మ సంబురపడి ఏడ్చింది, అందుకని ఆ బియ్యాన్ని నేను తిట్టను. కాని అప్పుడు రొట్టె తిని దినమంత నాగలి వెనుక నడిచేది, ఇప్పుడు రొట్టె తిని టీవీ ముందట కూసుంటున్నం. నాలుగు జొన్నరొట్టెలు తింటే షుగర్ మంచిగనే ఎక్కుతది, నేను షుగర్ చూసే మిషన్ పెట్టి చూసిన. ఇప్పుడు ప్లేట్ల సగం కూరగాయ, పుంటికూరో గంగవాయిలి కూరో, ఒక పావు పప్పో గుడ్డో, మిగిలిన పావుకే రొట్టె గాని అన్నం గాని. ముందు కూర తిని తర్వాత రొట్టె ముట్టుకుంట, అట్ల తింటే జర నిదానంగ ఎక్కుతది.

చిన్నోడు ఇంకోటి అడిగిండు, నాకు గూడ వస్తదా అని. పిల్లలకు వచ్చేది ఎక్కువ వేరే రకం, అది తీపి తింటే వచ్చేది గాదు. వాళ్లకు మడవల పూడిక గాదు, నీరటినే పంపేటోడు ఉండడు. వంద ఏండ్ల కింద అట్లాంటి పిల్లలు ఎండిపోయి సచ్చిపోయేటోళ్లు. 1921 ల కెనడాల టొరంటోల బాంటింగ్, బెస్ట్ అని ఇద్దరు కుక్కల క్లోమంల నుంచి ఆ నీరటిని బయటికి తీసిండ్రు. 1922 జనవరిల లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏండ్ల పిల్లగానికి మొదటి సూది ఇచ్చిండ్రు. మన చిట్టి కంటె మూడేండ్లే పెద్ద. ఎముకల గూడు లెక్క ఉండె. మొదటి సూది సరిగ్గ పనిచెయ్యలే, మందును ఇంకింత శుద్ధి చేసి పన్నెండు రోజులకు మళ్ల ఇచ్చిండ్రు, పిల్లగాడు లేచి కూసున్నడు, ఇంకో పదమూడేండ్లు బతికిండు. ఆ పిల్లగాడు అన్నం అడిగిన పూట వాళ్లమ్మ మొఖం ఎట్లుండెనో అని నేను అప్పుడప్పుడు అనుకుంట.

మీకు ఒక పని చెప్త, ఇది ఆట గాదు. నేను ఎప్పుడన్న చెమటలు పట్టి, చేతులు వణుకుకుంట, పిచ్చి మాటలు మాట్లాడుతున్ననంటే షుగర్ పడిపోయినట్టు. కొన్ని రకాల షుగర్ గోలీలు వేసుకొని తినుడు మర్చిపోతే గట్లైతది. అప్పుడు షుగర్ ఉన్నోనికి సక్కెరనా అని ఆలోచించొద్దు, మూడు స్పూన్లు నీళ్లల్ల కలిపి తాగించండి, పావుగంట చూసి తగ్గకుంటే ఇంకోసారి. తెలివి తప్పి పడిపోతే మాత్రం నోట్ల ఏం పొయ్యొద్దు, పెద్దోళ్లను పిలిచి 108 కు ఫోన్ చెయ్యండి. ఇంకోటి, వచ్చినప్పుడల్ల నా అరికాళ్లు లైటు పెట్టి చూడండి, వేళ్ల సందుల గూడ. మీ అమ్మమ్మకు సూపు ఆనుతలేదు, నాకు నొప్పి తెల్వదు, మీ కండ్లే నాకు దిక్కు.

ఇగ సీతాఫలం. దీపావళికి వస్తరు గదా, బాలానగర్ కాడ దిగి కండ్లు విచ్చిన కాయ ఒకటి చూసి తెండి, గట్టిదైనా పర్లేదు బియ్యం డబ్బాల పెడదాం. మెత్తబడ్డనాడు నేను ఒక రొట్టె తగ్గించుకొని సగం తింట. తినకముందు ఒకసారి, తిన్నంక రెండు గంటలకు ఒకసారి వేలు పొడుచుకుంట, చిన్నోడు మిషన్ పట్టుకోవాలె, చిట్టి నోట్‌బుక్కుల రాయాలె. ఎంత ఎక్కుతదో నాకు గూడ తెల్వదు, చూద్దాం. మిషన్ల సెల్లు అయిపోవచ్చింది, మీ అమ్మను ఒకటి తెమ్మను.

మీ తాత