స్కాట్లండ్ రెజిమెంట్లలో ఐరిష్ సైనికులు: వెతికితే ఎందుకు దొరకరు?

బ్రిటిష్ సైన్యంలో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన ఐరిష్ ముత్తాత గురించి వెతికే వాళ్ళు ముందు తిరగేసేది డబ్లిన్ ఫ్యుజిలియర్స్, కన్నాట్ రేంజర్స్, మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ లాంటి ఐరిష్ రెజిమెంట్ల లిస్టులే. అక్కడ పేరు కనపడకపోతే ఇంట్లో చెప్పుకున్న కథ అబద్ధమేమో అనుకుని వదిలేస్తారు, తీరా చూస్తే ఆయన ఏ కామెరోనియన్స్‌లోనో, హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీలోనో, అంటే స్కాటిష్ రెజిమెంట్లలో ఉంటాడు. రెజిమెంట్ పేరుని బట్టి మనకి తెలిసేది మహా అయితే ఎక్కడ చేరాడు అనేదే, ఎక్కడ పుట్టాడు అనేది కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

అసలు అంతమంది ఐరిష్ వాళ్ళు స్కాట్లండ్‌లో ఏం చేస్తున్నారు అంటే, 1845లో బంగాళాదుంప పంటకి తెగులు తగిలి కరువు వచ్చినప్పుడు పడవెక్కి దగ్గర్లో ఉన్న ఒడ్డుకి వచ్చేసారు. 1851 జనాభా లెక్కల్లో స్కాట్లండ్‌లో ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళు 2 లక్షలు దాటారు, అంటే జనాభాలో 7 శాతం, గ్లాస్గోలో అయితే దాదాపు ఐదుగురిలో ఒకరు. లానార్క్‌షైర్ బొగ్గు గనులు, కోట్‌బ్రిడ్జ్ ఇనుప కొలుములు, డండీ జనపనార మిల్లులు, క్లైడ్ నది షిప్‌యార్డులు, ఎక్కడ చూసినా వాళ్ళే. కరువు పోయాక కూడా ఐర్లండ్ వాయవ్య మూలనున్న డోనెగాల్ నుంచి ప్రతి ఏడూ దుంపలు తవ్వడానికి కూలీలు వచ్చేవాళ్ళు, కొందరు సీజన్ అయిపోయాక తిరిగి వెళ్ళేవాళ్ళు, కొందరు అక్కడే ఉండిపోయేవాళ్ళు. 1914లో యుద్ధం మొదలైతే ఆ గని కార్మికుడు సైన్యంలో చేరడానికి పని చేసే ఊళ్ళో ఉన్న రిక్రూటింగ్ ఆఫీసుకే కదా వెళ్ళేది, దానికోసం సముద్రం దాటి డబ్లిన్ ఎందుకు వెళ్తాడు?

ఇది 1914లో కొత్తగా వచ్చిందీ కాదు. 1830లో బ్రిటిష్ సైన్యంలో 42 శాతం ఐరిష్ వాళ్ళే, అంతమంది ఉన్నప్పుడు స్కాటిష్ రెజిమెంట్లలో కూడా చాలామంది ఉండటం సహజమే. గోర్డన్ హైలాండర్స్ డ్రమ్మర్ విలియం కెన్నీని చూడండి, ఊరు ఐర్లండ్‌లోని డ్రొహెడా. 1914 అక్టోబర్ 23న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర కాల్పుల మధ్య ఐదుసార్లు వెళ్ళి గాయపడినవాళ్ళని తెచ్చినందుకు బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఫ్రెడరిక్ హాల్ కథ ఇంకా మెలికలు తిరిగింది, పుట్టింది కిల్కెన్నీలో, ముందు పనిచేసింది కామెరోనియన్స్‌లో, తర్వాత కెనడా వెళ్ళి అక్కడి సైన్యం తరఫున 1915లో చనిపోయాడు. ఆయనకీ విక్టోరియా క్రాస్ వచ్చింది, కానీ కెనడా హీరోగానే అందరికీ తెలుసు.

1916 చట్టం ఒకటి ఈ లెక్కని ఇంకా కెలికింది. నిర్బంధ సైనిక సేవ బ్రిటన్‌లో పెట్టారు, ఐర్లండ్‌లో పెట్టలేదు. అంటే డోనెగాల్‌లో ఇంట్లో కూర్చున్నవాడిని ఎవరూ లాక్కెళ్ళరు, గ్లాస్గోలో స్థిరపడ్డ వాడి అన్నయ్యకి మాత్రం పిలుపు వస్తుంది. పైగా ట్రైనింగ్ అయ్యాక ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి పంపేవాళ్ళు, చేరిన రెజిమెంట్ ఒకటి, చనిపోయిన రెజిమెంట్ ఇంకోటి. అప్పట్లో ప్రతి రెజిమెంట్‌కీ సొంత నంబర్లు, మారితే నంబర్ కూడా మారేది, 1920 దాకా సైన్యం మొత్తానికి కలిపి ఒకే వరస నంబర్లు లేవు.

ఇక రికార్డుల సంగతి. 1940 సెప్టెంబర్‌లో లండన్ మీద పడ్డ బాంబులకి మామూలు సైనికుల సర్వీస్ ఫైళ్ళు సగానికి పైగా కాలిపోయాయి, మిగిలినవాటిలో చాలా వరకు మసి పట్టి తడిసిన కాగితాలే. ఐర్లండ్ వైపు 1922లో ప్రభుత్వ రికార్డులు దాచిన డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనం తగలబడినప్పుడు పాత జనాభా లెక్కలు పోయాయి, అదృష్టం బాగుండి 1901, 1911 లెక్కలు మిగిలాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఫ్రీగా చూడొచ్చు. ఐర్లండ్‌కి స్వతంత్రం వచ్చాక బ్రిటిష్ యూనిఫాం వేసుకున్న సంగతి చాలా ఇళ్ళల్లో బయటికి చెప్పుకోలేదు, కాబట్టి నోటి మాటగా వచ్చిందీ తక్కువే.

స్మారక జాబితాల్లో గందరగోళం ఇంకో రకం. 1923లో ఐర్లండ్‌లో 8 సంపుటాలుగా వేసిన జాబితాలో 49 వేలకి పైగా పేర్లున్నాయి, అందులో ఐరిష్ రెజిమెంట్లలో చనిపోయిన ఇంగ్లిష్, స్కాటిష్ వాళ్ళు కూడా కలిసిపోయారు. ఎడిన్‌బరో కోటలో 1927లో తెరిచిన స్కాటిష్ స్మారకంలో స్కాటిష్ రెజిమెంట్ వాళ్ళందరి పేర్లూ రాసారు, ఐరిష్ వాళ్ళతో సహా. ఒకే మనిషి రెండు దేశాల లెక్కలోకీ రావచ్చు. గ్లాస్గోలో ఐరిష్ తల్లిదండ్రులకి పుట్టినవాడు మాత్రం స్కాటిష్ లెక్కలోకే పోతాడు. అందుకే ఇంతమంది ఐరిష్ వాళ్ళు చనిపోయారు అని ఎవరైనా గట్టిగా ఒక నంబర్ చెప్తే నేను కొంచెం అనుమానంగానే చూస్తాను.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, చనిపోయినవాడైతే 1921లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన మృతుల జాబితా బెస్ట్, చాలామందికి పుట్టిన ఊరు, చేరిన ఊరు రెండూ పక్కపక్కనే ఉంటాయి. సైనికుడికి వచ్చిన పతకాలు రాసుకున్న మెడల్ కార్డు దొరికితే మంచిదే కానీ దాన్లో మామూలుగా పుట్టిన ఊరు ఉండదు. నా దృష్టిలో అసలు నిధి స్కాట్లండ్ సివిల్ రికార్డులు, అంటే పుట్టుక, పెళ్ళి, చావు రికార్డులు, పెళ్ళి సర్టిఫికెట్‌లో తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తారు, ఐర్లండ్ దాంట్లో తండ్రి పేరే ఉంటుంది. గ్లాస్గోలో పుట్టిన పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మానాన్నల పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా ఉంటుంది, ఆ ఊరి పేరు పట్టుకుని 1911 ఐరిష్ లెక్కల్లోకి వెళ్తే ఇంటివాళ్ళు దొరికే ఛాన్స్ బాగానే ఉంది. ఇంటిపేరు ముందు ఉన్న ఓ, మ్యాక్ తీసేసి కూడా వెతకండి, డోనెగాల్ వాళ్ళయితే గాలహర్, డొహర్టీ, బాయిల్ ఇంటిపేర్లు ఒక్కో ఊళ్ళో పదుల్లో ఉంటాయి కాబట్టి తల్లి పేరు కలవనిదే ఇతనే అని ఫిక్స్ అవ్వకండి.