బ్రిటిష్ బ్లూస్ కంపైలేషన్ కొంటున్నారా? ముందు అట్ట వెనక్కి తిప్పండి

లండన్‌లో పాత రికార్డులు అమ్మే షాపులో బ్లూస్, జాజ్ అరలు చూసుకోవడం నా పని. బ్రిటిష్ బ్లూస్ అంటే అమెరికా నల్లజాతీయుల బ్లూస్ సంగీతాన్ని బ్రిటన్ వాళ్లు వాయించింది, కంపైలేషన్ అంటే వేర్వేరు పాటలు ఏరి కూర్చిన సంకలనం. కౌంటర్ దగ్గర ఈ సంకలనాల గురించి అవే అపోహలు మళ్లీ మళ్లీ వింటుంటాను. వాటివల్ల జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే రాస్తున్నా.

అపోహ: కవర్ మీద క్లాప్టన్, బెక్, పేజ్ లాంటి పేరున్న గిటారిస్టుల పేర్లుంటే అదే అసలైన తొలినాళ్ల బ్రిటిష్ బ్లూస్.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 1965లో జిమ్మీ పేజ్, ఎరిక్ క్లాప్టన్ కలిసి పేజ్ ఇంట్లో వాయించుకున్న టేపులు కొన్ని ఉన్నాయి. అప్పుడు పేజ్ ఇమీడియట్ అనే లేబుల్‌కి (రికార్డు కంపెనీకి) ప్రొడ్యూసర్. ఆ టేపులు లేబుల్ చేతికి వెళ్లాయి, వాటికి తర్వాత బేస్, డ్రమ్స్ లాంటివి జోడించి 'బ్లూస్ ఎనీటైమ్' పేరుతో 1968లో వచ్చిన సంకలనాల్లో వేశారు. 1970 ప్రాంతంలో ఇమీడియట్ దివాలా తీసింది. ఆ తర్వాత ఆ పాటలు ఒక లేబుల్ నుంచి ఇంకో లేబుల్‌కి మారుతూ, ప్రతిసారీ కొత్త బొమ్మతో, కొత్త పేరుతో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. 'స్నేక్ డ్రైవ్', 'ట్రిబ్యూట్ టు ఎల్మోర్', 'మైల్స్ రోడ్', 'డ్రాగిన్ మై టెయిల్' - ఈ పేర్లు వెనక కనిపిస్తే ఆగండి, అవి మీ ఇంట్లో ఇప్పటికే ఉండొచ్చు.

గుంటూరు కుర్రాడొకడు, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రిటైరవుతున్న తన మేనేజర్‌కి గిఫ్ట్ ఇద్దామని ఇలాంటివే మూడు సీడీలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. "ముగ్గురి పేర్లూ ఉన్నాయి కదన్నా, ఇంతకంటే మంచిది ఏముంటుంది?" అన్నాడు. మూడింటినీ తిరగేసి పక్కపక్కన పెట్టాను. సగానికి పైగా పాటలు అవే. పాపం, ముఖం పాలిపోయింది, ఆ పెద్దాయనకి ఈ సంగీతం బాగా తెలుసట, పరువు పోతుందని టెన్షన్. అందులో అతని తప్పేముంది, తెలియకుండా కొనేలాగే కదా ఆ కవర్లు వేసేది!

ఆ పాటలు చెడ్డవని కాదు. అదే లేబుల్‌కి బ్రిటిష్ బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ బృందంతో పేజ్ రికార్డు చేయించిన 'టెలిఫోన్ బ్లూస్'లో క్లాప్టన్ గిటార్ నాకు ప్రాణం. అయితే ఒక్క కాపీ చాలు. పైగా 1965 అంటే తొలినాళ్లు కావు, అప్పటికే కథ చాలా నడిచింది. అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ని ఇక్కడి జాజ్ బ్యాండ్ లీడర్ క్రిస్ బార్బర్ 1958లోనే బ్రిటన్ తీసుకొచ్చాడు. లండన్ సోహోలోని వార్డర్ స్ట్రీట్ పబ్బులో బ్రిటిష్ బ్లూస్ వాయిద్యకారులు అలెక్సిస్ కోర్నర్, సిరిల్ డేవిస్ బ్లూస్ క్లబ్ నడిపారు, 1962 మార్చిలో లండన్‌లోనే ఈలింగ్‌లో ఇంకోటి తెరిచారు. అందుకే కంపైలేషన్ చేతికి రాగానే నేను మొదట వెతికేది సిరిల్ డేవిస్ పేరు. 1964 జనవరిలో 31 ఏళ్లకే పోయిన ఆ మౌతార్గాన్ మనిషి లేకుండా 'తొలినాళ్లు' అని రాసుకుంటే నాకు కోపం వస్తుంది.

అపోహ: మరీ చవగ్గా దొరికే బాక్స్ సెట్లన్నీ పైరసీ.

వాస్తవం: కాదు. ఇది పుకారే, ఎంత చెప్పినా చావదు. బ్రిటన్‌లో రికార్డింగు హక్కు ఒకప్పుడు 50 ఏళ్లే. 2013 నవంబరులో 70కి పెంచారు కానీ అప్పటికే గడువు తీరినవాటికి అది వర్తించదు. అంటే 1962 చివరిలోగా విడుదలైన రికార్డింగులని ఇక్కడ ఏ లేబులైనా వేసుకోవచ్చు (పాట రాసినవాళ్ల హక్కు వేరే సంగతి). గమనించాల్సింది ఏంటంటే, ఇలాంటి సెట్లు సాధారణంగా 1962 దగ్గరే ఆగిపోతాయి. బార్బర్ బృందం, లోనీ డోనెగన్ స్కిఫిల్ (సాదా వాయిద్యాలతో పాడే జానపద, బ్లూస్ పాటలు), కోర్నర్ ఉంటారు. డేవిస్ సొంత బృందంతో 1963లో చేసిన 'కంట్రీ లైన్ స్పెషల్' గానీ, యార్డ్‌బర్డ్స్ బ్యాండ్ గానీ, మేయాల్ గానీ ఉండరు. అది లోపం కాదు, ఏది కొంటున్నామో తెలిసి కొంటే చాలు. మూలం టేపా, పాత ఎల్పీయా అన్నది కూడా చూడండి, కొన్నిటిలో గరగర శబ్దం తీసేస్తూ మౌతార్గాన్‌లో ఉన్న పదును కూడా తీసేశారు.

అపోహ: కోర్నర్ బృందం చేసిన 'ఆర్ అండ్ బీ ఫ్రమ్ ద మార్కీ' మార్కీ అనే లండన్ క్లబ్బులో జనం ముందు తీసిన లైవ్ ఆల్బమ్, అందులో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ కూడా ఉన్నాడు.

వాస్తవం: రెండూ తప్పే. 1962లో డెక్కా స్టూడియోలో రికార్డు చేశారు. జాగర్ ఆ బృందంతో క్లబ్బుల్లో పాడాడు, రికార్డులో లేడు. డ్రమ్స్ కూడా తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో వాయించిన చార్లీ వాట్స్ కాదు, గ్రాహం బర్బిడ్జ్.

అపోహ: మోనో (ఒకే చానెల్ ధ్వని) పాతది, స్టీరియో (రెండు చానెళ్లు) అని రాసి ఉంటేనే మేలు.

వాస్తవం: మోనోలో తీసినవాటిని తర్వాత కృత్రిమంగా స్టీరియో చేస్తే గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంటుంది. మోనోనే అడగండి.

ఇంతకీ ఆ కుర్రాడికి 1967లో డెక్కా వేసిన 'రా బ్లూస్' ఇచ్చి పంపాను. తొలినాళ్లది కాదు, కానీ మేయాల్, క్లాప్టన్, పీటర్ గ్రీన్‌తో పాటు ఓటిస్ స్పాన్, చాంపియన్ జాక్ డుప్రీ లాంటి అమెరికన్ పియానో వాళ్లూ ఉంటారు. పాటల పట్టికలో స్టీవ్ ఆంగ్లో అనే పేరుంటుంది చూడండి, అది బ్రిటిష్ గాయకుడు స్టీవ్ విన్‌వుడ్ మారుపేరు.