డాక్టర్ సర్టిఫికెట్‌తో నడిచిన ఆట

1854లో న్యూయార్క్ బ్రాడ్‌వేలోని గోథిక్ హాల్లో ఒక మెక్సికన్ యువతిని టిక్కెట్టు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. పేరు జూలియా పాస్ట్రానా. వయసు ఇరవై, ఎత్తు నాలుగున్నర అడుగులు. ముఖం నిండా, ఒళ్ళంతా నల్లటి ఒత్తు వెంట్రుకలు. చిగుళ్ళు ఉబ్బిపోయి పెదవుల్ని ముందుకు నెట్టాయి. స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ పాడేది, నాట్యం చేసేది. ప్రకటనల్లో మాత్రం ఆమె 'ఎలుగుబంటి స్త్రీ'.

ఇలాంటి ఆటలు నడిపినవాళ్ళ గురించి చదివినప్పుడు తిట్లన్నీ సర్కస్ మేనేజర్లకే పడతాయి. పడాల్సిందే. కానీ జూలియా కథలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది డాక్టర్లు. అలెగ్జాండర్ మాట్ అనే న్యూయార్క్ వైద్యుడు ఆమెను చూసి, మనిషికీ ఒరాంగుటాన్ అనే తోకలేని పెద్ద కోతికీ పుట్టిన సంకరమని రాసిచ్చాడు. క్లీవ్‌లాండ్‌లో బ్రెయినర్డ్ అనే ఇంకో డాక్టరు ఆమె వెంట్రుకను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఇదో వేరే జాతి అని తేల్చాడు. ఒక్క వెంట్రుకతో జాతి తేల్చేశాడు! బోస్టన్‌లో శామ్యూల్ నీలాండ్ ఒక్కడే, ఈమె అన్ని విధాలా మనిషేనని రాశాడు. ప్రదర్శన కోసం అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఈ ముగ్గురి మాటలూ చేర్చారు. ఒకదానితో ఒకటి పొసగకపోయినా ఫర్వాలేదు. డాక్టర్లే కొట్టుకుంటున్నారంటే జనం ఇంకా ఎగబడి వస్తారు కదా.

మాట్ చెప్పింది జరిగే పనేనా? మనిషి కణంలో 46 క్రోమోజోములు, ఒరాంగుటాన్‌లో 48. రెండు వంశాలూ విడిపోయి కోటి ఏళ్ళు దాటింది. అప్పటికి క్రోమోజోముల సంగతి ఎవరికీ తెలియదు, నిజమే. కానీ ఎదురుగా నిలబడి రెండు భాషల్లో మాట్లాడుతున్న మనిషిని చూసి ఆ మాట రాయకుండా ఉండటానికి క్రోమోజోములతో పనేముంది?

ఆమెకున్నది హైపర్‌ట్రైకోసిస్ అనే అరుదైన పుట్టుకతో వచ్చే స్థితి, దానితోపాటు చిగుళ్ళ వాపు. మన ఒంటి మీద అరచేతులు, అరికాళ్ళు లాంటి చోట్లు తప్ప అంతటా వెంట్రుకల కుదుళ్ళు ఉంటాయి. చాలావాటిలో కనిపించీ కనిపించని నూగే మొలుస్తుంది. జూలియా లాంటివాళ్ళలో అవే కుదుళ్ళ నుంచి తలవెంట్రుకల్లాంటి ముతక, నల్లటి జుట్టు వస్తుంది. కుదుళ్ళకు అందే ఆదేశం మారుతుంది, అంతే.

డార్విన్ కూడా ఇక్కడ జారాడు. 1868లో అచ్చయిన తన గ్రంథంలో ఆమె ప్రస్తావన తెచ్చి, పై దవడలోనూ కింది దవడలోనూ పళ్ళు రెండేసి వరసలున్నాయని రాశాడు. బొచ్చులేని కుక్కలకు పళ్ళు కూడా తక్కువ ఉంటాయి కాబట్టి జుట్టుకీ పళ్ళకీ ఏదో ముడి ఉందన్నది ఆయన ఆలోచన. ఆ ఆలోచన మంచిదే, సాక్ష్యమే అరువు తెచ్చుకున్నది. ఆయన జూలియాను పరీక్షించలేదు. ఒక పళ్ళ డాక్టరు చెప్పిన సంగతిని తోటి ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ ఆయనకు చేరవేశాడు. 1970ల్లో ఆమె దవడల పాత అచ్చుల్ని పరిశీలిస్తే రెండో వరస లేనే లేదు. ఉన్నవి మందంగా పెరిగిన చిగుళ్ళే.

ఆమె మేనేజరు థియోడోర్ లెంట్ ఆమెనే పెళ్ళాడాడు. 1860 మార్చిలో మాస్కోలో జూలియా ఒక మగబిడ్డను కన్నది. బిడ్డ ఒంటి నిండా తల్లిలాగే వెంట్రుకలు. రెండు రోజులైనా బతకలేదు. కొద్ది రోజుల్లోనే తల్లీ పోయింది. మాస్కో విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ సుకోలోవ్ ఇద్దరి శవాలూ కుళ్ళకుండా నెలల తరబడి మందులెక్కించాడు. ఆ పని అంత బాగా కుదిరిందని తెలిశాక లెంట్ వాటిని తిరిగి తీసుకున్నాడు. 1862లో లండన్‌లో మళ్ళీ టిక్కెట్లు తెగాయి. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. ఆ తర్వాత గడ్డమున్న ఇంకో స్త్రీని పెళ్ళాడి, ఈమె జూలియా చెల్లెలని చెప్పి తిప్పాడు.

శవాలు చేతులు మారి 1921లో నార్వే చేరాయి. 1970ల్లో కూడా వాటిని ఊళ్ళ వెంట తిప్పి చూపించారంటే నమ్మబుద్ధి కాదు. తర్వాత గోదాంలో దొంగలు పడ్డారు, బిడ్డ శరీరం ఎలుకల పాలైంది, జూలియా శరీరం ఓస్లో విశ్వవిద్యాలయానికి చేరింది. 1994లో ఖననం చేయమని సిఫారసు వచ్చినా, పరిశోధనకు పనికొస్తుందని మంత్రి ఆపేశాడు. మెక్సికన్ కళాకారిణి లారా ఆండర్సన్ బార్బటా ఏళ్ళ తరబడి వెంటపడితే, చివరికి 2013 ఫిబ్రవరి 12న మెక్సికోలోని సినలోవా దె లేవాలో ఆమెను పూడ్చిపెట్టారు.

ఈలోగా ఏ పరిశోధన కోసమని ఆపారో అది వేరేచోట జరిగిపోయింది. 2009లో చైనాలో ఇవే లక్షణాలున్న కుటుంబాల డీఎన్‌ఏ చూస్తే, 17వ క్రోమోజోములో ఒక పెద్ద ముక్క లోపించడమో రెండింతలు కావడమో కనిపించింది. దానికి కావలసింది బతికున్న మనుషులు ఇష్టపడి ఇచ్చిన నమూనాలే. ఓస్లోలో దాచిన శవంతో పనే పడలేదు.